ఆప్టికల్ స్విచ్ ఆటోలో పనిచేయట్లేదు, బి రూట్ తెగి ఊరంతా సిగ్నల్ పోయింది

గోదారి_కేబుల్:
మాది చిన్న హెడ్‌ఎండ్, అంటే ఊరికి కేబుల్ టీవీ పంపే కేంద్రం. 1550 (నానోమీటర్ల కాంతి) సిగ్నల్ ఏ, బి రెండు ఫైబర్ రూట్లలో వచ్చి ఆప్టికల్ స్విచ్‌లో కలుస్తుంది. ఒకటి పోతే రెండోదానికి మార్చేది అదే. అక్కణ్ణించి ఈడీఎఫ్ఏకి (కాంతి సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్). రోడ్డు పనుల్లో జేసీబీ ఏ రూట్ లేపేసినప్పుడు స్విచ్ తనంతట తానే బికి మారింది, కస్టమర్లకి తెలియను కూడా లేదు. ఏకి జాయింట్లు వేసి వారమైంది. నిన్న స్తంభం మారుస్తూ బి తెంపారు. స్విచ్ కదల్లేదు. సరిగ్గా సీరియళ్ల టైం, ఇక ఫోన్లు చూస్కోండి.

ఫైబర్_బాబాయ్:
ముందు మోడ్ చూడండి. జాయింట్ వేసేటప్పుడు ఊరికే అటూ ఇటూ మారకుండా మాన్యువల్‌లో పెడతారు, పనయ్యాక మర్చిపోతారు. నేను చూసినవాటిలో ఎక్కువ ఇదే.

గోదారి_కేబుల్:
నిజమే, మాన్యువల్, బి మీద ఉంది. ఆటో చేశా. బి కూడా అతికించారు. కానీ ఏ దగ్గర ఇంకా ఎర్ర లైటే. ఏ ఇన్‌పుట్ 1.1 డీబీఎం (కాంతి బలం కొలత), థ్రెషోల్డ్ (ఇంతకన్నా తగ్గితే రూట్ పోయినట్టు లెక్క) 2. తెగకముందు 3.4 ఉండేది.

రాత్రిడ్యూటీ:
అయితే స్విచ్ లెక్కలో ఏ ఇంకా చచ్చే ఉంది. థ్రెషోల్డ్ 0కి దించేయండి, అయిపోతుంది.

స్ప్లైసర్_నల్గొండ:
దించకండి అన్నా. మంచి జాయింట్‌లో 0.1 డీబీ కూడా పోదు. 2.3 పోయిందంటే దాదాపు 11 కిలోమీటర్ల ఫైబర్ అదనంగా కలిపినట్టు. కనెక్టర్ తుడిచి చూడండి. తగ్గకపోతే అవతల లైట్ ఆపించి ఓటీడీఆర్ (ఫైబర్‌లో నష్టం ఎక్కడుందో చూపే పరికరం) 1310లో ఒకసారి, 1550లో ఒకసారి కొట్టండి. 1550లోనే ఎక్కువ నష్టం కనిపిస్తే ఫైబర్ మడత పడ్డట్టే.

రాత్రిడ్యూటీ:
సరే, ఒప్పుకుంటా. ఆటో రివర్ట్ (ఏ బాగవగానే తనంతట తానే తిరిగి ఏకి మారడం) మాత్రం ఆపి ఉంచండి. ఏ ఊగిసలాడిందంటే స్విచ్ మారిన ప్రతిసారీ బొమ్మ ఆగుతుంది. బి బాగున్నప్పుడు తిరిగి ఏకి రావాలని తొందరేముంది?

ఫైబర్_బాబాయ్:
మా దగ్గర బి దూరం రూట్, లెవెల్ తక్కువ. అందుకని రివర్ట్ ఆన్‌లోనే, ఆలస్యం 5 నిమిషాలు పెట్టాం.

గోదారి_కేబుల్:
దొరికింది! కనెక్టర్ శుభ్రంగానే ఉంది. జాయింట్ బాక్స్ ట్రేలో ఫైబర్‌ని ఇరుకుగా చుట్టి పైన మూత బిగించారు. విడదీసి వెడల్పుగా చుడితే 3.3 వచ్చింది. రాత్రి 3 గంటలకి బి ఇన్‌పుట్ పీకి చూశా, రెప్పపాటులో ఏకి మారింది. మళ్లీ పెట్టి ఏ పీకితే బికి వచ్చింది.

స్ప్లైసర్_నల్గొండ:
ఇన్‌పుట్ వైపే పీకారు, మంచి పని. ఈడీఎఫ్ఏ నడుస్తుండగా ఔట్‌పుట్ పీకకూడదు. 22 డీబీఎం అంటే దాదాపు 160 మిల్లీవాట్లు, కంటికి కనపడదు గానీ కన్ను పోతుంది. ఇంతకీ ఏ, బి ఊళ్లోకి వేర్వేరు దారుల్లోనే వస్తున్నాయా?

గోదారి_కేబుల్:
చివరి అర కిలోమీటరు రెండూ ఒకే స్తంభాల మీదే.

ఫైబర్_బాబాయ్:
స్విచ్‌కి రెండు పవర్ సప్లైలు ఉంటాయిగా, అవి?

గోదారి_కేబుల్:
ఒకే యూపీఎస్. నవ్వకండి, రేపే మారుస్తా.