హార్డ్‌విక్ హాల్: ఇన్ని కిటికీలున్న గోడ ఎలా నిలబడింది?

అందరికీ నమస్కారం. పాత కట్టడాల గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

మొన్న అమ్మానాన్నల్ని ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్‌కి తీసుకెళ్ళాను. 1590ల్లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే సంపన్నురాలు కట్టించుకున్న ఇల్లు, రాబర్ట్ స్మిత్‌సన్ డిజైన్. "గోడ కంటే గాజే ఎక్కువ" అని అక్కడివాళ్ళ సామెత. ఆరు టవర్ల నెత్తిన రాతిలో ఆవిడ పేరు (అసలు పేరు ఎలిజబెత్ ష్రూస్‌బరీ) పొడి అక్షరాలు ఈ, ఎస్ ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. (మన ఊళ్ళో ఇంటి ముందు పేరు చెక్కించుకునేవాళ్ళు ఈవిడ ముందు ఏపాటి!)

నాన్న నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేసిన మనిషి. లోపలికి రాకుండా బయటే నిలబడి, "కింది అంతస్తు కంటే పైది ఎత్తు, పైకి పోయేకొద్దీ కిటికీ పెద్దది. ఇనుము లేదు, కాంక్రీటు లేదు. బరువు దేని మీద పడుతోందిరా?" అన్నారు. నేను నీళ్ళు నమిలాను.

పొగగొట్టాలన్నీ లోపలి గోడల్లో పెట్టారనీ, అందుకే బయటి గోడ బలం తగ్గకుండా అంత పెద్ద కిటికీలు పెట్టగలిగారనీ తర్వాత చదివాను. నాన్నకి అది సగం జవాబే. నా సందేహాలు ఇవీ: అంతస్తుల దూలాలు ఆ లోపలి గోడల మీదే ఆనుతున్నాయా? టవర్లు అందానికేనా, గోడ బయటికి ఒరగకుండా ఆపుతున్నాయా? కిటికీల మధ్య నిలువు రాళ్ళు బరువు మోస్తాయా, గాజును పట్టుకోవడానికేనా?

సెక్షన్ డ్రాయింగ్ (ఇంటిని నిలువుగా కోసినట్టు లోపల చూపించే బొమ్మ) ఎక్కడ దొరుకుతుందో చెప్పినా చాలు. నాన్న రోజూ ఫోన్లో ఇదే అడుగుతున్నారు.