సొదాద్‌కు తెలుగేమిటి? బెంగ అనవచ్చా?

రెండు వారాలుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. రాత్రిపూట ఫోనులో ఎక్కడెక్కడి పాటలో వెతికి వినడం, నచ్చినవాటికి రెండు ముక్కల పరిచయం రాసి మా ఇంటివాళ్ల వాట్సాప్ గుంపులో పెట్టడం నాకు అలవాటు. (వినేది ముగ్గురు. అందులో ఒకరు మొహమాటానికి.) ఈసారి పెట్టినది కేప్ వెర్డె గాయని సెజారియా ఎవొరా పాడిన 'సొదాద్', 1992 నాటి రికార్డు.

కేప్ వెర్డె అంటే ఆఫ్రికా పడమటి తీరానికి అవతల, అట్లాంటిక్‌లో ఉన్న దీవులు. వానలు తక్కువ, కరువులు ఎక్కువ. 1975 వరకు పోర్చుగీసు పాలన. అక్కడివాళ్లను ఒప్పందపు కూలీలుగా ఓడ ఎక్కించి, ఎక్కడో దూరాన ఉన్న సావొ టొమె దీవిలో కోకో తోటలకు పంపేవారు. ఆ దూరపు దారి నీకు ఎవరు చూపించారు అని పాట అడుగుతుంది. సావొ నికొలావ్ అనే సొంత దీవిని తలచుకుంటుంది.

నేను మొదట 'సొదాద్ అంటే విరహం' అని రాశాను. ఎదురుగా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ, పాట సగంలో ఉండగా, "పాపం, ఎవరి మీదో బెంగ పెట్టుకున్నట్టుందిరా ఈవిడ" అంది. అప్పటికి నేను అర్థం చెప్పలేదు. ఆవిడకు పోర్చుగీసూ రాదు, ఆ దీవుల్లో మాట్లాడే క్రియోలూ రాదు. విరహం కొట్టేసి బెంగ అని రాశాను. పంపాక అనుమానం పట్టుకుంది.

లాటిన్‌లో ఒంటరితనాన్ని చెప్పే మాట నుంచి పుట్టింది పోర్చుగీసు మాట. లిస్బన్‌లో సౌదాద్, బ్రెజిల్‌లో సౌదాజి, ఈ దీవుల క్రియోల్‌లో సొదాద్. ఏ భాషలోకీ దించలేని మాట అని దానికి పెద్ద పేరు. నిజంగా దించలేమా? బెంగలో ఏం తక్కువైందో చెప్పండి.

నిజామాబాద్ నుంచి ఒక సభ్యురాలు:
మా వైపు రంది అంటాం. "కొడుకు మీద రంది పెట్టుకుంది" అంటే మళ్లీ వివరించనక్కరలేదు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఊళ్లు మావి, మీ కోకో తోటల కథ మాకు కొత్త కాదు. ఆ మాట కూడా లెక్కలోకి తీసుకోండి.

మొదట అడిగిన నేను:
తప్పకుండా. ఒక్క తేడా కనబడుతోంది. అప్పు గురించీ రంది ఉంటుంది, పిల్ల పెళ్లి గురించీ ఉంటుంది. బెంగకు మాత్రం దూరమైన మనిషో ఊరో ఉండాలి. కరెంటు బిల్లు మీద ఎవరూ బెంగ పెట్టుకోరు.

విశాఖ నుంచి ఒక తెలుగు మాస్టారు:
బెంగకు నేను ఒప్పుకోను. అది జబ్బు. పిల్లవాడు అమ్మమ్మ మీద బెంగ పెట్టుకుంటే అన్నం మానేస్తాడు, జ్వరం తెచ్చుకుంటాడు, పెద్దవాళ్లు బస్సెక్కించి తీసుకుపోతారు. సౌదాద్‌లో తీపి ఉందంటారు, దాన్ని పాడుకుంటూ కూర్చుంటారు. బెంగను చప్పరించేవాళ్లను నేను చూడలేదు. 'తలపోత' అనండి.

మొదట అడిగిన నేను:
మాస్టారూ, తీపి సంగతి ఒప్పుకుంటున్నాను. అక్కడ బెంగ చిన్నబోతుంది. కానీ తలపోత మనం కూర్చుని చేసే పని. ఇది పిలవకుండా వచ్చి పట్టుకునేది.

నన్ను బెంగ వైపు లాగింది నామవాచకం కాదు, దాని వెంట వచ్చే క్రియ. దూరమైనవాళ్లను కలిసినప్పుడు పోర్చుగీసువాళ్లు సౌదాద్‌ను 'చంపుకున్నాం' అంటారు. మనకు బెంగ 'తీరుతుంది'. ఆకలి తీరినట్టు, దాహం తీరినట్టు, అప్పు తీరినట్టు. వాళ్లు శత్రువును మట్టుబెట్టినట్టు చెబుతారు, మనం బాకీ చెల్లించినట్టు చెబుతాం. ఇక 'మీద' చూడండి. ప్రేమ, కోపం, ఆశ అన్నీ ఒకరి మీదే. విరహానికి ఆ సుఖం లేదు, 'ఊరి మీద విరహం' అంటే నవ్విపోతారు.

చెన్నై నుంచి, సంగీతం నేర్పే ఒకరు:
మాట కోసం ఇథియోపియా దాకా వెళ్లండి. అమ్హరిక్‌లో 'తిజితా' ఉంది. జ్ఞాపకం అనీ, దాని వెంట వచ్చే గుబులు అనీ అర్థం. అదే ఒక తరహా పాట పేరు, అదే ఒక స్వరవరుస పేరు. 1990ల చివర నుంచి పారిస్ నుంచి 'ఎతియోపిక్స్' పేరుతో వచ్చిన రికార్డుల్లో అడిస్ అబాబా పాతకాలపు తిజితాలు ఉన్నాయి. తమాషా ఏమిటంటే, తిజితాలో ఒక రకానికి స, రి, గ, ప, ద స్వరాలు. అచ్చంగా మన మోహన రాగం. మనం పెళ్లిలో వినే స్వరాలు అక్కడ పాత రోజులను తలచుకుని నిట్టూరుస్తాయి. ఇంకో రకంలో గాంధారం, ధైవతం (గ, ద) కిందికి దిగుతాయి, అది వింటే మాస్టారు కూడా బెంగ అనే అంటారు.

విశాఖ మాస్టారు:
విన్నాను. రెండో రకం ఇంకోసారి విన్నాను. బెంగ అనను, గుబులు అంటాను.

మొదట అడిగిన నేను:
మాస్టారు ఒక మెట్టు దిగారు, చాలు. నా పరిచయంలో బెంగనే ఉంచుతున్నాను, పక్కన రందిని కూడా చేర్చాను. మొర్నా అనే ఆ పాటల తీరును 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిందని కూడా రాశాను, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మా పిన్ని మాత్రం పాట మొత్తం విని అడిగింది: "ఇంతకీ ఊరికి తిరిగి వచ్చిందా?" పాడినావిడ సంగతి చెప్పాను. పుట్టిన సావొ విసెంట్ దీవిలోనే 2011లో పోయింది, అక్కడి విమానాశ్రయానికి ఇప్పుడు ఆవిడ పేరే. పిన్నికి అది కాదు కావలసింది, పాటలో వెళ్లిన మనిషి సంగతి. నువ్వు తిరిగి వచ్చే రోజు దాకా అనడంతోనే చివరి చరణం అయిపోతుందని రాశాను.

"అయితే తీరలేదన్నమాట" అని జవాబిచ్చింది.