షాంగ్‌డాంగ్ గవర్నర్ గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

పాత చైనా రాజ్యాలు చిన్, హాన్, జావోల మీద ఓ నాటకం రాస్తూ మధ్యలో ఇరుక్కుపోయాను. క్రీ.పూ. 262లో చిన్ సైన్యం హాన్ పట్టణం యెవాంగ్‌ని పట్టుకోవడంతో, కొండల్లో ఉన్న హాన్ ప్రాంతం షాంగ్‌డాంగ్‌కి తన రాజధానితో దారి తెగిపోయింది. దాన్ని చిన్‌కి అప్పగించెయ్యమని హాన్ రాజుగారి ఆజ్ఞ. గవర్నర్ ఫెంగ్ టింగ్ మాత్రం 17 పట్టణాలనూ తీసుకెళ్లి జావో చేతిలో పెట్టాడు. తెలివో, మొండితనమో! రెండేళ్లకే చాంగ్‌పింగ్‌లో చిన్ చేతిలో జావో సైనికుల ఊచకోత.

నా డౌట్ వేరే. దారి తెగాక అక్కడ పాలన రోజూ ఎలా నడిచింది? వసూలైన ధాన్యం ఎక్కడికి పోయేది? ఆ రోజుల్లో సైన్యం కదలాలంటే రెండు ముక్కల కంచు పులి బొమ్మ కలవాలి, ఒక ముక్క రాజు దగ్గరే ఉంటుంది. మరి రాజు మాట కాదన్న గవర్నర్ మాట సైనికులు ఎందుకు విన్నారు? చైనీస్ చదవగలిగినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.