కోడ్ రివ్యూ గుర్తుచేసే బాట్: ‘సమీక్షించగలరు’ అనాలా, ‘చూడండి’ అనాలా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులోను, విశాఖపట్నంలోను పనిచేస్తున్న మా సాఫ్ట్‌వేర్ బృందం కోసం, రివ్యూ కాకుండా ఆగిపోయిన పుల్ రిక్వెస్టులను (కోడ్‌లో చేసిన మార్పులను చూడమని తోటివారిని కోరే అభ్యర్థనలను) పనిదినాల్లో ఉదయం పది గంటలకు, మేం సందేశాలు పంపుకునే స్లాక్ యాప్‌లో గుర్తుచేసే బాట్‌ను, అంటే తనంతట తానే సందేశాలు పంపే ప్రోగ్రామును, సిద్ధం చేస్తున్నాను. సందేశాలు తెలుగులోనే ఉండాలని అందరం అనుకున్నాం. నేను రాసుకున్న వాక్యం ఇది: “కిరణ్‌కు 1 పుల్ రిక్వెస్టులు ఉన్నాయి. మీరు ఇంకా చూడలేదు. దయచేసి సమీక్షించగలరు.” చదివినవారందరూ ఏదో తేడాగా ఉందంటున్నారు గాని, ఎక్కడ దిద్దాలో తేలడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించండి.

సమాధానం

ముందుగా దిద్దవలసింది చివరి క్రియ. అయితే ‘గలరు’ తప్పని ఒక్కమాటలో కొట్టిపారేయడం న్యాయం కాదు. ‘ఆదివారం బయలుదేరి రాగలను’ అని ఉత్తరంలో రాసినవారు తమకు వచ్చే శక్తి ఉందని చెప్పడం లేదు, వస్తామని మాట ఇస్తున్నారు. ‘ప్రయాణికులు గమనించగలరు’ వంటి ప్రకటనల భాష ఈ భవిష్యదర్థానికి కొనసాగింపే అని నా అభిప్రాయం. గమనిస్తారని నమ్ముతున్నాం అనే మర్యాద అందులో ఉంది. కాని ఈనాటి పాఠకునికి ‘గలరు’ అనగానే ముందు తోచేది సామర్థ్యం. పైగా సాఫ్ట్‌వేర్ తెరల మీద ఈ రూపానికి మరొక పని పడింది: ‘మీరు ఈ ఫైలును చూడగలరు, మార్చలేరు’ అన్నప్పుడు అది అనుమతిని తెలిపే వాక్యం. అనుమతుల గురించిన సందేశాలు, రివ్యూ కోరే సందేశాలు ఒకే ఛానెల్‌లో వచ్చే చోట ‘మీరు సమీక్షించగలరు’ అని రాస్తే, తనకు రివ్యూ చేసే హక్కు ఇచ్చారని ఎవరైనా అనుకుంటే వారిని తప్పుపట్టలేము. ముందు ‘దయచేసి’ చేర్చినా చిక్కు తీరదు, ఎందుకంటే ఆ మాట తరువాత చెవి ఎదురుచూసేది ‘చూడండి’, ‘చెప్పండి’ వంటి క్రియనే. ‘సమీక్షించవలెను’ అంటే అది ఉత్తర్వు అవుతుంది; ‘సమీక్షించవలసిందిగా మనవి’ అంటే ఏడాదికొకసారి వచ్చే విన్నపానికి నప్పుతుంది గాని రోజూ వచ్చే సందేశానికి బరువవుతుంది. ‘చూడండి’ చాలు. మర్యాద ఆ ‘అండి’లోనే ఉంది.

‘మీరు ఇంకా చూడలేదు’ అన్నది వ్యాకరణరీత్యా నిర్దోషమే అయినా, నాకు అన్నిటికంటె ఎక్కువ ఇబ్బందిగా తోచిన వాక్యం అదే. ‘ఇంకా’ వ్యతిరేక క్రియతో కలిసి, కర్త ‘మీరు’ అయినప్పుడు, తెలుగులో అది నిలదీసే మాట అవుతుంది. ‘ఇంకా లేవలేదా’, ‘ఇంకా బయలుదేరలేదా’ అని ఇంట్లో వినేటప్పటి స్వరం ఉద్యోగి చెవిలో తప్పక మోగుతుంది, అదీ నలుగురూ చదివే చోట. బాట్‌కు తెలిసింది ఒక్కటే: పుల్ రిక్వెస్టుకు రివ్యూ నమోదు కాలేదని. ఆ మనిషి దానిని తెరిచి సగం చదివి ఆలోచిస్తున్నారో, సెలవులో ఉన్నారో అది ఎరగదు. తనకు తెలియని దానిని ఆరోపించకుండా, ‘మీరు చూడవలసిన పుల్ రిక్వెస్టు ఒకటి ఉంది’ అని పనిని గురించి మాత్రమే చెప్పనివ్వండి. ఎన్నాళ్ళయిందో తెలపాలంటే ‘సోమవారం వచ్చింది’ అని రోజు పేరు చెబితే సరిపోతుంది. ‘పుల్ రిక్వెస్టు మీ కోసం ఎదురుచూస్తోంది’ అని కొందరు సూచించవచ్చు. ఎదురుచూసేది మనిషి గనుక, పంపినవారి పేరు చెప్పడమే మేలు.

ఇక ‘కిరణ్‌కు’. ఇకారాంతాల మీద ‘కు’ కాస్తా ‘కి’ అవుతుందని చిన్నయ సూరి బాలవ్యాకరణం నాటి నుంచి మనం చదువుకుంటున్నదే: హరికి, గౌరికి. తక్కిన చోట్ల ‘సీతకు’ అనేవారు, ‘సీతకి’ అనేవారు ఇద్దరూ ఉన్నారు. చేత్తో రాసేటప్పుడు ఇది సమస్య కాదు. స్లాక్‌లో మాత్రం సభ్యుని ప్రస్తావన ఒక గుర్తింపు సంకేతంతో వెళుతుంది, పేరు చదివేవారి తెర మీద తరువాత తేలుతుంది. కాబట్టి ఆ పేరు ఏ అచ్చుతో ముగుస్తుందో మూసలోని వాక్యానికి తెలియదు. మీరు పేర్లను తెలుగు లిపిలో విడిగా దాచుకుని అతికించినా, హలంత పేర్ల (పొల్లుతో ముగిసేవాటి) దగ్గర మరొక చిక్కు ఉంది: కంటికి కనిపించని వియోజక చిహ్నం (కంప్యూటర్ అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో 200సి) నడుమ పెట్టకపోతే ‘కిరణ్’ తరువాతి ‘కు’ వెళ్ళి ణకారం కింద వత్తుగా చేరిపోతుంది.

ఈ చిక్కులన్నిటినీ ఒక్క ‘గారు’ తీరుస్తుంది. హరి గారికి, సీత గారికి, కిరణ్ గారికి: పేరు ఏదైనా విభక్తి మారదు, పేరుకు అంటుకోదు. క్రియ కూడా బహువచనంలోకి వెళ్ళిపోతుంది కాబట్టి పంపినవారు ‘పంపాడు’ అవుతారా ‘పంపింది’ అవుతారా అన్న ప్రశ్నే రాదు. ‘పంపారు’ అందరికీ చెల్లుతుంది. బాట్‌కు మనుషుల లింగం తెలియనక్కరలేదు, తెలియకూడదు కూడా. గౌరవవాచకం మర్యాద కోసమే అనుకుంటాం గాని, ఇటువంటి మూసవాక్యాల్లో అది వ్యాకరణాన్ని కూడా నిలబెడుతోంది.

సంఖ్య విషయం తేలికే. భాషలవారీగా నియమాలను పొందుపరిచిన యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ సమాచారంలో తెలుగు వచనాలకు రెండే వర్గాలు, ఒకటి, తక్కినవి. ‘1 పుల్ రిక్వెస్టు ఉంది’, ‘3 పుల్ రిక్వెస్టులు ఉన్నాయి’ అని రెండు రూపాలు రాసుకోండి, క్రియను కూడా మార్చడం మరవకండి. సున్నా రెండో వర్గంలోకి వస్తుంది, కాని ‘0 పుల్ రిక్వెస్టులు ఉన్నాయి’ తెలుగు కాదు. మనకు ‘లేవు’ అనే వేరే క్రియ ఉంది. అసలు ఆ రోజు సందేశం పంపకపోవడమే మంచిది.

బాట్‌ను గిట్‌హబ్ యాక్షన్స్‌తో (ప్రోగ్రాములను నిర్ణీత వేళకు తనంతట నడిపే సేవతో) నడిపేటట్లయితే ఒక మాట. విడిగా చెప్పకపోతే అక్కడి సమయపట్టిక యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తుంది గనుక మన పది గంటలకు 30 4 * * 1-5 (సోమవారం నుంచి శుక్రవారం దాకా, 4 గంటల 30 నిమిషాలకు) అని రాయాలి. రద్దీ వేళ ఆలస్యం జరగవచ్చు కాబట్టి సందేశంలో ‘ఇప్పుడు పది గంటలైంది’ వంటి మాటలు పెట్టకండి.

మళ్ళీ ప్రశ్న

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మా బృందంలో అందరూ చిన్నవారు, ఒకరినొకరు ‘నువ్వు’ అనుకునేవారు. ‘గారు’ దూరం పెంచుతుందేమోనని కొందరి సందేహం.

సమాధానం

మీలో మీరు ‘నువ్వు’ అనుకోవడం మీ చనువు. ఆ చనువు బాట్‌కు లేదు, రేపు చేరబోయే సభ్యులకూ లేదు. పైగా ‘నువ్వు’ స్థాయికి దిగితే పంపినవారి క్రియ దగ్గర ‘పంపాడు’, ‘పంపిండు’, ‘పంపింది’ అని లింగంతో పాటు ప్రాంతం కూడా ఎంచుకోవలసి వస్తుంది. అయినా ‘గారు’ వద్దనుకుంటే, పేర్లకు విభక్తి చేర్చకుండా వాక్యాన్ని విడగొట్టండి: “రివ్యూ చేయవలసినవారు: కిరణ్. పంపినవారు: సీత. వచ్చిన రోజు: సోమవారం.” నా ఎంపిక మాత్రం ఇది: “కిరణ్ గారూ, సీత గారు సోమవారం పంపిన పుల్ రిక్వెస్టు మీరు చూడవలసి ఉంది. వీలు చూసుకుని చూడండి. ఈరోజు కుదరకపోతే వారికి ఒక మాట చెప్పండి.”