హీత్ భూముల్లో పాత సేకర్తలు ఏరిన చెకుముకి పనిముట్లు, కుండపెంకులు: చీటీని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: బ్రెక్‌లాండ్ వాసి

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండు తూర్పు భాగంలో, నార్ఫోక్, సఫోక్ కౌంటీల సరిహద్దున ఉన్న బ్రెక్‌లాండ్ ప్రాంతంలో నేను ఉంటున్నాను. హెదర్ పొదలూ గడ్డీ తప్ప మరేదీ ఏపుగా పెరగని ఇసుకబీళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వీటినే హీత్ భూములంటారు. తీరిక వేళల్లో ఒక చిన్న మ్యూజియంలో పాత వస్తువుల జాబితా రాయడంలో సాయపడుతుంటాను. ఇంతవరకు జాబితాకెక్కని ఒక చెక్కపెట్టెను ఇటీవల నాకు అప్పగించారు. అందులో చెకుముకి రాతితో చేసిన బాణపు ములుకులు, తోలు గీకడానికి వాడే స్క్రేపర్లు, సన్నని పెచ్చులు, అన్నిటికీ అడుగున దూదిలో చుట్టిన కుండపెంకులు ఉన్నాయి. కొన్ని రాళ్లమీద నల్లసిరాతో "లేకెన్‌హీత్" అని, మరికొన్నింటిమీద "ఇక్లింగ్‌హామ్" అని రాసి ఉంది. ఏరినవారి పేరు గానీ, ఫలానా పొలం, ఫలానా దిబ్బ అన్న వివరం గానీ లేదు. చేతిరాతను బట్టి ఇది పందొమ్మిదో శతాబ్దం చివరినాటి సేకరణ అయి ఉండవచ్చునని మ్యూజియం వారి అభిప్రాయం.

ఇంత నిస్సారమైన నేలమీద చరిత్రపూర్వ యుగపు పనిముట్లు ఇంత విరివిగా ఎందుకు దొరికాయి? ఒకే పెట్టెలో ఉన్నాయి కనుక వీటన్నింటినీ ఒకే కాలానికి చెందినవిగా జాబితాలో చూపవచ్చునా? ఊరిపేరు తప్ప మరేమీ లేని చీటీని ఎంతవరకు నమ్మవచ్చు? పురావస్తుశాస్త్రం చదివినవారు, ఇలాంటి సేకరణలతో పనిచేసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: రాతిపెచ్చు

బ్రెక్‌లాండ్ వాసి గారికి,

మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను: అలా చూపకూడదు. కారణం ఆ నేలలోనే ఉంది కనుక మొదటి ప్రశ్నకూ ఇక్కడే జవాబు దొరుకుతుంది.

బ్రెక్‌లాండ్‌లో పైన ఇసుక, దాని కింద చాక్ అనే మెత్తని తెల్లని సున్నపురాయి, ఆ చాక్ పొరల్లో చెకుముకి గడ్డలు ఉంటాయి. పనిముట్లకు కావలసిన రాయి కాళ్లకిందే ఉంది. తేలికైన ఇసుకనేల కనుక దున్నడమూ సులువు. అందుచేత తొలి వ్యవసాయదారులు ఇక్కడి అడవిని నరికి సాగు మొదలుపెట్టారు. నేల సారం కొద్దికాలానికే హరించుకుపోయి, పశువుల మేత వల్ల చెట్లు తిరిగి మొలవక, ఆ భూమి క్రమంగా హీత్‌గా మారింది. ఈనాడు నిర్జనంగా కనిపించే ఆ బీడు ఒకప్పుడు జనం మసలిన చోటు. మధ్యయుగాల్లో ఇక్కడ మాంసం కోసం, తోలు కోసం కుందేళ్లను పెద్ద ఎత్తున పెంచారు. అవి తవ్విన బొరియల మట్టితో పాటు రాళ్లు పైకి వచ్చాయి. గడ్డి చచ్చిన చోట గాలి ఇసుకను ఎత్తుకుపోయింది. శాంటన్ డౌన్‌హామ్ గ్రామాన్ని ఇసుక ముంచెత్తిన తీరును అక్కడి నివాసి థామస్ రైట్ రాయగా 1668లో లండన్ రాయల్ సొసైటీ పత్రిక ప్రచురించింది. చేటలో చెరిగినప్పుడు పొట్టు ఎగిరిపోయి గింజలు ఒకచోట చేరినట్లు, ఇసుక పోయిన తరువాత వేర్వేరు లోతుల్లో ఉన్న రాళ్లన్నీ ఒకే మట్టానికి దిగాయి. అయిదు అడుగుల దూరంలో పడి ఉన్న రెండు ములుకుల మధ్య రెండు వేల సంవత్సరాల తేడా ఉండవచ్చు.

అయితే ఆకారాన్ని బట్టి కొంతవరకు విడదీయవచ్చు. వేలిగోరంత సన్నని అలుగు (పొడవాటి సన్నని రాతి పెచ్చు) ముక్కలు, అంటే సూక్ష్మశిలా పరికరాలు, సాధారణంగా మధ్య శిలాయుగానివి. ఆకు ఆకారపు ములుకులు నవీన శిలాయుగపు తొలి దశకు, అడ్డంగా వెడల్పైన అంచు ఉన్నవి దాని చివరి దశకు చెందుతాయి. నడుమ కాడ, రెండు పక్కలా ముళ్లు ఉన్న ములుకులు బీకర్ కుండలు అనే అలంకరించిన పలుచని మట్టిపాత్రల కాలంలోనూ, కంచుయుగపు తొలినాళ్లలోనూ వాడుకలో ఉండేవి. స్క్రేపర్లను మాత్రం ఆకారం చూసి కాలనిర్ణయం చేయడానికి తొందరపడకండి, అవి వేల ఏళ్లపాటు పెద్దగా మారలేదు. "ఇక్లింగ్‌హామ్" అని రాసిన వాటిలో పెద్ద చేతిగొడ్డలి (పిడి లేకుండా చేత్తోనే పట్టుకుని వాడే రాతి పనిముట్టు) ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఇక్లింగ్‌హామ్, మిల్డెన్‌హాల్ ఊళ్ల మధ్య వారెన్ హిల్ అనే చోట కంకర తవ్వకాల్లో అటువంటివి విస్తారంగా దొరికాయి. అవి సుమారు 5 లక్షల ఏళ్ల కిందట ప్రవహించి, తరువాత మంచుయుగంలో కనుమరుగైన నది తెచ్చిన కంకరలోనివి. హీత్ మీద దొరికే నవీన శిలాయుగపు వస్తువులతో వాటికి ఏ సంబంధమూ లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పక్కనే ఉన్న బ్రాండన్ ఊరిలో పాతకాలపు తుపాకుల్లో నిప్పురవ్వ పుట్టించే చెకుముకి పలకలు కొట్టే పరిశ్రమ నెపోలియన్ యుద్ధాల కాలంలో ఎంతో వర్ధిల్లి, ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా కొనసాగింది. ఆ పని వదిలిన పెచ్చులు ఆ చుట్టుపక్కల నేలంతా పరచుకుని ఉన్నాయి. ఇనుప సుత్తితో కొట్టిన రాతిలో దెబ్బ తగిలిన బిందువు చిన్నదిగా, స్పష్టంగా, దాని కింద ఉబ్బు గట్టిగా కనిపిస్తుంది. జింక కొమ్ముతో కొట్టినప్పుడు ఆ ఉబ్బు చదునుగా ఉంటుంది. పొడవుగా, సమానమైన వెడల్పుతో, వీపుమీద రెండు గీతలతో ఉన్న చక్కని అలుగులను చూసి పాత సేకర్తలలో కొందరు మురిసిపోయారు గానీ, అవి తుపాకీ పలకలు తీయడానికి సిద్ధం చేసినవి కావచ్చు. మంచుకు పగిలిన రాతిలో అసలు దెబ్బ బిందువే ఉండదు.

సమాధానం: పాత కాగితాలు

చీటీల సంగతికి వస్తాను. ఆ కాలపు సేకరణ ఎలా జరిగిందో తెలిస్తే చీటీ విలువ తెలుస్తుంది.

1859లో జాన్ ఎవాన్స్, జోసెఫ్ ప్రెస్ట్‌విచ్ ఫ్రాన్సులోని సోమ్ నది లోయకు వెళ్లి, అంతరించిన జంతువుల ఎముకలున్న పొరల్లోనే మనిషి చేసిన రాతి పనిముట్లు ఉన్నాయని నిర్ధారించి వచ్చిన తరువాత ఇంగ్లండులో రాళ్లు ఏరే ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది. మతాచార్యులు, వైద్యులు, భూస్వాములు ఇందులో ముందున్నారు. డర్హం చర్చికి చెందిన కేనన్ విలియం గ్రీన్‌వెల్ వారిలో ప్రముఖుడు. బ్రాండన్ సమీపంలో గ్రైమ్స్ గ్రేవ్స్ అనే చోట నేలంతా గుంతలు పడి ఉంటే, అంతకుముందు దాన్ని పాత కాలపు శిబిరమని అనుకునేవారు. ఆయన 1868 నుంచి 1870 వరకు ఒక గుంతను సుమారు 12 మీటర్ల లోతు వరకు తవ్వించి, అది చెకుముకి కోసం తవ్విన నవీన శిలాయుగపు గని అని నిరూపించాడు. అడుగున జింక కొమ్ముల గునపాలు ఉన్నాయి. అటువంటి గుంతలు అక్కడ నాలుగు వందలకు పైగా ఉన్నట్లు ఇప్పుడు తెలుసు. ఇది గొప్ప తవ్వకం; నా దృష్టిలో ఆ తరంవారు చేసిన వాటిలో అత్యుత్తమమైనది.

కానీ అదే గ్రీన్‌వెల్ చెకుముకి సేకరణలో చాలా భాగం ఆయన స్వయంగా ఏరినది కాదు. పొలం కూలీలు, గొర్రెల కాపరులు, కుందేళ్ల కావలివాళ్లు తెచ్చిచ్చిన వాటికి డబ్బిచ్చి తీసుకోవడం ఆనాటి సేకర్తలందరికీ అలవాటు. ఏరినవాడు ఏ బీడులో ఏరాడో సరిగా చెప్పకపోవచ్చు. మంచి ములుకులు దొరికే చోటును పక్కవాడికి తెలియకుండా దాచుకోవడం కూడా వాడి బ్రతుకుతెరువులో భాగమే. పైగా సేకరణలు చేతులు మారాయి. గ్రీన్‌వెల్ తన చెకుముకి సేకరణను 1895లో డాక్టర్ అలెన్ స్టర్జ్‌కు అమ్మాడు. తరువాత ఇక్లింగ్‌హామ్‌లో స్థిరపడిన ఈ స్టర్జే 1908లో తూర్పు ఆంగ్లియా (నార్ఫోక్, సఫోక్‌లు ఉన్న ప్రాంతం) ప్రిహిస్టారిక్ సొసైటీ స్థాపనకు కారకుల్లో ఒకడు; 1935లో అదే దేశవ్యాప్తమైన ప్రిహిస్టారిక్ సొసైటీగా మారింది. ఆయన సేకరణ బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. ఇన్ని చేతులు మారినప్పుడు రాతిమీద సిరాతో రాసిన పేరుకు ఒక విలువ, పెట్టెలో విడిగా పడి ఉన్న కాగితానికి మరొక విలువ ఇవ్వాలి. మొదటిది రాయిని వదిలిపోదు. రెండోది ఏ రాతికి చెందినదో చెప్పడం కష్టం. జాబితాలో ఈ రెండింటికీ వేర్వేరు గడులు పెట్టండి.

నకిలీల మాట కూడా మరవకూడదు. యార్క్‌షైర్‌కు చెందిన ఎడ్వర్డ్ సింప్సన్, లోకానికి ఫ్లింట్ జాక్‌గా తెలిసినవాడు, బాణపు ములుకులే కాక పురాతన కుండలు కూడా తయారుచేసి పండితులకు అమ్మాడు. చివరికి 1862లో లండన్‌లో భూవిజ్ఞాన అభిమానుల సభలో, అందరి కళ్లెదుట ములుకులు చెక్కి చూపించాడు. 1867లో దొంగతనం కేసులో జైలుకు వెళ్లాడు. బ్రాండన్ పనివాళ్లలో కూడా పాత పనిముట్లకు నకళ్లు చేసి అమ్మినవారు ఉన్నారు. అసలైన పాత రాతి ఉపరితలం కాలంతో మారుతుంది: చాక్ నేలలో తెల్లగానో నీలి ఛాయతోనో, ఇనుము ఉన్న కంకరలో పసుపు గోధుమ రంగులో, ఎగిరే ఇసుకలో మెరుపుతో ఉంటుంది. నాగలి తగిలినచోట తుప్పు గీత ఉంటే అది పొలంలో దొరికినదనడానికి మంచి గుర్తు. రంగును బట్టి వయసు లెక్కించకండి. కానీ ఒక రాతి అంచులన్నీ నిగనిగలాడే కొత్త నలుపుతో, మధ్య భాగం మాత్రం పాత తెలుపుతో ఉంటే, పాత పెచ్చును తీసుకుని ఎవరో కొత్తగా ములికి చెక్కారేమోనని అనుమానించండి.

సమాధానం: బళ్లారి గుట్టలు

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట. ఈ పెట్టెలను మరీ చులకన చేయవద్దు. 1922 నుంచి ఫారెస్ట్రీ కమిషన్ బ్రెక్‌లాండ్‌లో నాటుతూ వచ్చిన పైన్ చెట్లు ఇప్పుడు థెట్‌ఫర్డ్ అడవి అయ్యాయి. లేకెన్‌హీత్ వారెన్ (ఒకప్పుడు కుందేళ్లను పెంచిన బీడు) మీద ఇప్పుడు వైమానిక స్థావరం ఉంది. ఆ కాలపు సేకర్తలు నడిచిన నేలలో ఎంతో భాగంమీద ఈనాడు ఎవరూ అలా నడవలేరు. కనుక "లేకెన్‌హీత్" అన్న ఒక్క పేరైనా నిలిచి ఉండటం మేలే.

మన ప్రాంతంలో ఇదే కాలంలో ఇదే పని చేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్‌ను పోల్చి చూడండి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఒక చేతిగొడ్డలిని గుర్తించిన ఆయన, భూగర్భ సర్వే ఉద్యోగిగా కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాల్లో తిరుగుతూ నలభై ఏళ్లపాటు ఏరాడు. మన దగ్గర చాక్ పొరల చెకుముకి లేదు కనుక ఆయనకు దొరికినవి క్వార్ట్‌జైట్ చేతిగొడ్డళ్లు, నునుపు చేసిన డోలరైట్ గొడ్డళ్లు, చెకుముకిని పోలిన చెర్ట్ రాతి అలుగులు. ఆయనవీ ఎక్కువగా నేలపైన దొరికినవే. కానీ వృత్తిరీత్యా పటం చేతిలో ఉన్నవాడు కనుక ప్రతి వస్తువుకూ దొరికిన చోటు రాసుకున్నాడు. 1904లో మద్రాసు మ్యూజియం కొన్న ఆ సేకరణ జాబితాను ఆయన మరణించాక అచ్చు వేశారు. అందులో జిల్లాల వారీగా, చోటు వారీగా ఉన్న పద్దులను నేటికీ పరిశోధకులు వెదుక్కుంటూ వెళ్లి ఆ స్థలాలను చూడగలుగుతున్నారు. మీ జాబితాకు అది మంచి నమూనా.

బ్రెక్‌లాండ్ వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇక్లింగ్‌హామ్ పేరున్న వాటిలో బరువైన గోధుమరంగు చేతిగొడ్డలి నిజంగానే ఒకటి ఉంది, దాన్ని వేరుచేశాను. కుండపెంకుల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. అవి చాలా పెళుసుగా ఉన్నాయి. ఒకదానిమీద దువ్వెన పళ్లతో ఒత్తినట్లు వరుసలు ఉన్నాయి, మరొకటి మందంగా, లోపల తెల్లని రాతి నలుసులతో ఉంది. వాటిని కడగవచ్చునా?

సమాధానం: రాతిపెచ్చు

కడగవద్దు. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము మాత్రమే తీయండి.

పాత సేకర్తలకు సమాధి దిబ్బల్లో దొరికే పూర్తి కుండలమీద ఉన్న మక్కువ పెంకులమీద ఉండేది కాదు. చేత్తో చేసి, ఆరుబయట మంటలో తక్కువ వేడిమీద కాల్చిన ఆ మట్టి, నేలపైకి వస్తే ఒకటి రెండు శీతాకాలాల మంచుకే పొడి అవుతుంది. అందుచేత ఉపరితలంమీద ఏరిన పెట్టెల్లో రాళ్లు వందల్లో ఉంటే పెంకులు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. మీ పెట్టెలో పెంకులు ఉన్నాయంటే ఎవరో కుందేటి బొరియనో, దిబ్బనో, ఇసుక గోతినో కొంత లోతుగా తవ్వి తీసి ఉండవచ్చు. ఆ రకంగా అవి మీ రాళ్లకంటే విలువైనవి.

దువ్వెన వరుసలు ఉన్నది పలుచగా, ఎర్రగా కాలి ఉంటే బీకర్ పాత్రకు చెందినదై ఉండే అవకాశం ఎక్కువ. అంటే సుమారు క్రీ.పూ. 2400 తరువాతిది. మందంగా ఉన్నదానిలోని తెల్లని నలుసులు కాల్చి దంచిన చెకుముకి అయి ఉండాలి. కుండ కాల్చేటప్పుడు పగలకుండా మట్టిలో దాన్ని కలిపేవారు. అంచు ముక్క ఏదైనా దొరికితే దాని వంపు చూడండి. గుండ్రని అడుగు, అలంకరించిన అంచు ఉన్న తొలి నవీన శిలాయుగపు పాత్రలకు మిల్డెన్‌హాల్ శైలి అన్న పేరే మీ పొరుగూరి నుంచి వచ్చింది; అక్కడి హర్స్ట్ ఫెన్‌లో 1950లలో గ్రాహమ్ క్లార్క్ జరిపిన తవ్వకాల్లో అవి పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. మందపాటి పట్టీలాంటి అంచు ఉంటే అది కంచుయుగపు చితాభస్మ పాత్ర కావచ్చు.

కడగవద్దని చెప్పడానికి కారణం ఇది. హీత్ ఇసుక ఆమ్ల గుణం కలది కనుక ఎముకలను కరిగించివేస్తుంది. ఆ నేలలో జనం ఏమి తిన్నారో చెప్పడానికి తరచుగా కుండ గోడల్లో ఇంకిన కొవ్వే మిగులుతుంది. పాల కొవ్వు, మాంసపు కొవ్వు వేరుచేసి చెప్పగల పరీక్షలు ఇప్పుడు ఉన్నాయి. ఆ కొవ్వుకే రేడియోకార్బన్ కాలనిర్ణయం కూడా చేస్తున్నారు. పెంకుల లోపలి వైపు నల్లని పొర ఉంటే దాన్ని వేలితో కూడా తాకవద్దు. పాత సేకర్తలు పెంకులు చెదిరిపోకుండా జిగురో, వార్నిషో పూసిన సందర్భాలు ఉన్నాయి కనుక ఏ పెంకుమీద అటువంటి మెరుపు ఉందో జాబితాలో రాయండి. పరీక్షకు ముక్కను ఎంచుకునేవారు మొదట అడిగేది అదే. దూదిని తీసివేసి ఆమ్లం లేని టిష్యూ కాగితం వాడండి, కానీ ఆ దూదిని పారేయకుండా దులిపి చూడండి, రాలిన ముక్కలు అందులో చిక్కుకుని ఉంటాయి.