బీ12 148 ఉంది, బీకాంప్లెక్స్ వేసినా తిమ్మిర్లు తగ్గట్లేదు. ఎందుకు?

కరీంనగర్_కోడలు:
అత్తయ్యకు 58 ఏళ్లు, శాకాహారి. ఏడేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ రోజుకు 2 గ్రాములు, మూడేళ్లుగా పరగడుపున గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు. బీ12 మిల్లీలీటరుకు 148 పికోగ్రాములు, హిమోగ్లోబిన్ 11.2, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) 86. రెండు నెలలు బీకాంప్లెక్స్ వేశాం. ఎంసీవీ మామూలుగానే ఉంది కాబట్టి ఇది బీ12 లోపం కాదంటున్నారు. నిజమేనా?

మందులకొట్టు:
కాదు. 200 కంటే తక్కువుంటే లోపమే. పైగా ఆవిడ వాడే మందులు రెండూ బీ12 ఒంటికి చేరే దారికే అడ్డం. తిండిలోని బీ12 ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, దాన్ని విడదీయాలంటే కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్ర దాన్నే తగ్గిస్తుంది. తర్వాత జీర్ణాశయం గోడలో తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌తో కలిసి చిన్నపేగు చివరి భాగంలో రక్తంలోకి చేరుతుంది. మెట్‌ఫార్మిన్ అక్కడ దెబ్బకొడుతుంది.

బీకాంప్లెక్స్ గుళికల్లో బీ12 చాలావరకు పదీ పదిహేను మైక్రోగ్రాములే. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ ఒక పూటకు మోయగలిగేది దాదాపు 2. మిగిలినదాంట్లో నూటికి ఒక వంతు మాత్రమే దానంతటది లోపలికి ఇంకుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్ర ఇచ్చేది అందుకే, ఆ ఒక వంతే 10 అవుతుంది.

ల్యాబ్_బల్ల:
ఎంసీవీ సంగతి: ఇనుము లోపం కూడా ఉంటే కణాలు చిన్నబడతాయి, బీ12 లోపం పెద్దవి చేస్తుంది, సగటు మామూలుగా కనిపిస్తుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష) చేయించండి. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ను ఒళ్లే అడ్డుకుంటోందా అని చూసే ఆంటీ ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పరీక్ష డాక్టరు రాస్తే, బీ12 ఇంజెక్షన్‌కు ముందే రక్తం ఇవ్వండి, తర్వాత ఇస్తే తప్పుడు పాజిటివ్ రావచ్చు. విరేచనాలు, బరువు తగ్గడం, కుడివైపు పొత్తికడుపు నొప్పి ఉంటే చిన్నపేగు చివరన టీబీ, క్రోన్స్ (పేగు వాపు జబ్బు) లాంటివి వెతకాల్సిందే. మన దగ్గర టీబీని మరీ మరిచిపోకూడదు.

కరీంనగర్_కోడలు:
ఇంజెక్షన్ తప్పదా? గ్యాస్ మాత్ర మానేయమంటారా?

మందులకొట్టు:
తిమ్మిర్లున్నాయి కాబట్టి ముందు ఇంజెక్షనే మేలు. మామూలుగా 1000 మైక్రోగ్రాములు రోజు విడిచి రోజు రెండు వారాలు, ఆపై వారానికొకటి నాలుగు వారాలు, తర్వాత నెలకొకటి. అవసరాన్ని బట్టి డాక్టరు మార్చవచ్చు. ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే వేయకండి: రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల నష్టం లోపల్లోపల సాగుతుంది. హిమోగ్లోబిన్ రెండు నెలల్లో తేరుకుంటుంది. నరాలకు ఆరు నెలలు, ఏడాదీ పట్టొచ్చు, అప్పటికీ కొంత మిగిలిపోవచ్చు.

మెట్‌ఫార్మిన్ మీరే ఆపకండి, డాక్టరును అడగండి. పాంటోప్రజోల్ అసలు ఎందుకు వాడుతున్నారో ముందు తేల్చుకోండి. అక్కర్లేదంటే 40 నుంచి 20కి, ఆపై రోజు విడిచి రోజు, అలా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే గుండెల్లో మంట తిరగబెట్టొచ్చు, మళ్లీ మాత్రకే పోతారు.

కరీంనగర్_కోడలు:
చద్దన్నం, పులిసిన ఇడ్లీ పిండిలో బీ12 ఉంటుందంటారు కదా?

ల్యాబ్_బల్ల:
దాన్ని నమ్ముకోవద్దు. స్పిరులినాలో ఉండేది కూడా మన ఒంటికి పనికొచ్చే రూపం కాదు. శాకాహారులకు మిగిలేవి పాలు, పెరుగు, పనీరు. ఒక గ్లాసు పాలలో దాదాపు ఒక మైక్రోగ్రాము, రోజుకు కావలసింది 2–2.5. కానీ ఆమ్లం తగ్గిన కడుపులో ఆ లెక్క కూడా నిలవదు.