వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు ఎందుకు?

ప్రశ్న (మిర్యాలగూడ, ఒక తల్లి):
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. గతిజ శక్తి (కదిలే వస్తువుకు ఉండే శక్తి) సూత్రం ½mv² అని గడగడా అప్పజెబుతుంది, ఇందులో m ద్రవ్యరాశి, v (వి) వేగం. ద్రవ్యరాశి రెట్టింపైతే శక్తి రెట్టింపేనట, వేగం రెట్టింపైతే మాత్రం నాలుగింతలట. ఎందుకే అంటే "వి మీద రెండు ఉంది కదమ్మా" అంటుంది. ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. రైసు మిల్లులకు వెళ్లే ధాన్యం లారీలను రోజూ చూస్తాను. అంత బరువు కంటే వేగానిదే పైచేయి అంటే ఎలా నమ్మడం?

జవాబు (దేవరకొండ, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు):
ముందు లారీ సంగతి చూద్దామమ్మా. మనిషితో కలిపి 200 కిలోల బైకు సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్లతో పోతోందనుకోండి. దాని శక్తి 10,000 జౌళ్లు (జౌలు శక్తికి కొలమానం). అదే వేగంతో వచ్చే 20 టన్నుల లారీకి 10 లక్షల జౌళ్లు. కాబట్టి బరువును తక్కువ చేసి చూడకండి. అయితే లారీ బరువు బైకుకు వంద రెట్లున్నా, దానితో సరితూగడానికి బైకు వేగం పది రెట్లు పెరిగితే చాలు. (గంటకు 360 కిలోమీటర్లు! లెక్కకే గానీ రోడ్డుకు కాదు.)

ఇక ఎందుకంటారా? ఆగి ఉన్న బండిని ఒకే బలంతో తోస్తున్నాం, సెకను సెకనుకూ దాని వేగం 1 మీటరు చొప్పున పెరుగుతోంది. తొలి 10 సెకన్లలో వేగం సున్నా నుంచి 10కి చేరుతుంది, బండి 50 మీటర్లు పోతుంది. తర్వాతి 10 సెకన్లలో వేగం 10 నుంచి 20కి పెరుగుతుంది. కానీ బండి అప్పటికే పరుగులో ఉంది కదా, ఈసారి 150 మీటర్లు పోతుంది. పని అంటే బలాన్ని దూరంతో గుణించడం. బలం అదే, దూరం మొత్తం 200 మీటర్లు. మొదటి 50కి నాలుగింతలు. ఆ పనే బండిలో శక్తిగా చేరింది. సూత్రంలోని వర్గం ఇక్కడి నుంచే వచ్చింది.

చిట్యాల, లారీ డ్రైవరు:
సార్ చెప్పింది బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు తెలుస్తుంది. విజయవాడ హైవే మీద 40లో ఉన్నప్పుడు ఆగే దూరానికీ, 80లో ఆగే దూరానికీ పోలికే ఉండదు. ఈగలపెంట నుంచి శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే ఘాటులో చిన్న గేరు వేసుకునేది కూడా అందుకే. బ్రేకు తొక్కుతూనే దిగితే ఆ శక్తంతా వేడిగా మారుతుంది, డ్రమ్ములు కాలిపోయి బ్రేకు పట్టు తప్పుతుంది.

ప్రశ్న అడిగిన తల్లి:
ఇప్పుడు అర్థమైంది. ఇంట్లో చేసి చూపించేది ఏమైనా ఉందా సార్?

దేవరకొండ ఉపాధ్యాయుడు:
ఉంది. మెత్తగా పిసికిన బంకమట్టిని పళ్లెంలో మందంగా పరవండి. సైకిలు దుకాణంలో దొరికే ఉక్కు గుండును 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒకసారి, మీటరు ఎత్తు నుంచి ఇంకోసారి వదలండి. ఎత్తు నాలుగింతలైతే నేలను తాకే వేగం రెండింతలే. రెండు గుంటల్లోనూ ఇంకు ఫిల్లరుతో చుక్కలు లెక్కపెడుతూ నీళ్లు నింపమనండి. రెండో గుంటలో దాదాపు నాలుగింతలు పడతాయి. మట్టి మరీ పలచనైతే గుంట అంచులు జారి లెక్క చెడుతుంది, రొట్టెల పిండి గట్టిదనం ఉండాలి. 1720లలో హాలండులో గ్రావెసాండే అనే శాస్త్రవేత్త ఇత్తడి గుండ్లను మట్టిలో పడేసి చూసింది కూడా ఇదే.

నల్లగొండ, డిగ్రీ విద్యార్థి:
సూత్రంలో ఆ సగం ఎక్కడిదని కూడా అడుగుతారు. సున్నా నుంచి వి వరకు సమంగా పెరిగితే సగటు వేగం వి లో సగమే కదా, అదే అక్కా. ఇంకో మాట, పరీక్షలో ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చకుండా వర్గం చేసి. గంటకు 72 కిలోమీటర్లు అని ఇస్తే ముందు 5/18తో గుణించి 20 చేయమనండి, వర్గం ఆ తర్వాతే.